పాత స్పోర్ట్స్ కారుకు కొత్త సస్పెన్షన్: రైల్వే పట్టణం ఖరగ్‌పూర్ నేర్పే పాఠం

పాత కారును పునరుద్ధరించి మళ్లీ రోడ్డెక్కించాలనుకునే వారు ఇంజన్, రంగు తర్వాత ముందుగా ఆలోచించేది సస్పెన్షన్ గురించే. గట్టి స్ప్రింగులు అమర్చి, కారు ఎత్తు తగ్గిస్తే అది స్పోర్ట్స్ కారులా నడుస్తుందన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. పందెపు బాట నునుపుగా ఉంటుంది గనుక అక్కడ ఆ పద్ధతి చెల్లుతుంది. గతుకులు, స్పీడ్ బ్రేకర్లు, వాన నీరు నిలిచే వీధుల్లో మాత్రం అదే మార్పు ప్రమాదానికి దారితీయవచ్చు. చక్రం నేలను వదిలి ఎగిరిన క్షణంలో బ్రేకు గానీ స్టీరింగు గానీ పనిచేయవు.

రెండు భాగాలు, రెండు బాధ్యతలు

స్ప్రింగు వాహనం బరువును మోస్తుంది, గతుకు తాకిడిని తనలోకి తీసుకుంటుంది. అయితే తీసుకున్న శక్తిని అది తిరిగి ఇచ్చివేస్తుంది. ఆ ఊపును అణచే బాధ్యత షాక్ అబ్జార్బరుది. దానిలోని నూనె సన్నని రంధ్రాల గుండా ప్రవహిస్తూ కదలికను వేడిగా మారుస్తుంది. స్ప్రింగును గట్టిపరచి పాత షాక్ అబ్జార్బరునే ఉంచితే ఊపు అదుపులో ఉండదు. సాధారణ ప్రయాణ కారు శరీరం సెకనుకు సుమారు 1 నుంచి 1.5 సార్లు ఊగేలా రూపకల్పన చేస్తారు. స్పోర్ట్స్ కారులో ఇది 2 సార్లకు చేరువవుతుంది. అంతకు మించితే ప్రయాణికులకు అలసట పెరుగుతుంది, గతుకుల దారిలో టైరు పట్టు తగ్గుతుంది.

వర్క్‌షాపు క్రమశిక్షణ

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఏర్పడిన ఖరగ్‌పూర్ వర్క్‌షాపు నేడు ఆగ్నేయ రైల్వే పరిధిలో ఉంది. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువుల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఈ పట్టణంలో స్థిరపడ్డాయి. స్ప్రింగుల పని ఇక్కడివారికి కొత్త కాదు.

ఐసీఎఫ్ తరహా రైలు పెట్టెలో ఇరుసు వద్ద కాయిల్ స్ప్రింగులతో పాటు నూనెతో పనిచేసే డాష్‌పాట్‌లు ఉంటాయి. పై అంచెలో మరికొన్ని స్ప్రింగులు, హైడ్రాలిక్ డ్యాంపర్లు ఉంటాయి. పెట్టెను నిర్ణీత కాలానికి విప్పి మరమ్మతు చేసేటప్పుడు ప్రతి స్ప్రింగును భారం కింద పరీక్షించి ఏ, బీ, సీ వర్గాలుగా విభజిస్తారు. ఒక బోగీలో ఒకే వర్గానికి చెందిన స్ప్రింగులనే అమర్చాలన్నది నియమం. తర్వాత వచ్చిన ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో వేగానికి తగినట్లు స్ప్రింగులతో పాటు డ్యాంపర్లు, పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ కూడా చేరాయి. రైల్వే ఒక్క భాగాన్ని మార్చి సరిపెట్టలేదు, మొత్తం అమరికనే మార్చింది. కారు యజమాని గ్రహించవలసిన సూత్రమూ ఇదే.

కాంటెస్సా ఉదాహరణ

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ 1980ల మధ్య నుంచి 2002 వరకు తయారుచేసిన కాంటెస్సాకు బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ విక్టర్ ఆధారం. స్పోర్ట్స్ కార్లు దేశంలో అరుదైన ఆ రోజుల్లో, వెనుక చక్రాలతో నడిచే ఈ పొడవాటి కారును వేగప్రియులు ఆ కోవలోనే చూశారు. దీని ముందు చక్రాలకు విష్‌బోన్‌లు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. వెనుక ఒకే ఇరుసు కాయిల్ స్ప్రింగులపై నిలుస్తుంది. అదే కర్మాగారం నుంచి వచ్చిన అంబాసిడర్‌కు వెనుక భాగంలో కమాను కట్టలు ఉండేవి. ఈ రెండింటికీ ఒకే మరమ్మతు వర్తించదు.

పని వరుస

మొదట టైర్లు, రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు పరిశీలించాలి. దశాబ్దాలు గడిచిన కారులో రబ్బరు గట్టిపడి పగులుతుంది. చాలా సందర్భాల్లో కారు వదులుగా నడవడానికి కారణం ఇదే. కొత్త రబ్బరు బుష్‌ల బోల్టులను కారు బరువు చక్రాలపై ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

తర్వాత షాక్ అబ్జార్బర్లు. నూనె కారుతున్నా, బానెట్ మూలను నొక్కి వదిలినప్పుడు కారు పదేపదే ఊగుతున్నా వాటిని మార్చాలి. ఒకే ఇరుసుకు ఉన్న రెండింటినీ కలిపి మార్చడం తప్పనిసరి.

స్ప్రింగుల వంతు ఆ తర్వాతే. స్ప్రింగు గట్టిదనం తీగ వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగకు బదులు అదే కొలతల చుట్టలో 13 మిల్లీమీటర్ల తీగ వాడితే గట్టిదనం సుమారు 38 శాతం అధికమవుతుంది. కంటికి కనిపించని తేడా నడకను పూర్తిగా మార్చివేస్తుంది. కారు ఎత్తు తగ్గించడానికి స్ప్రింగు చుట్టను కోయడం మరింత హానికరం. పనిచేసే 8 చుట్టల్లో ఒకటి కోస్తే గట్టిదనం 14 శాతం పెరుగుతుంది, చక్రం పైకి కదిలే చోటు తగ్గుతుంది. నొక్కి ఉంచిన స్ప్రింగులో ప్రాణం తీయగల శక్తి దాగి ఉంటుంది. తగిన కంప్రెసర్ పరికరం లేకుండా దానిని విప్పకూడదు.

మలుపుల్లో ఒరుగుదల ఇంకా ఎక్కువగా ఉంటే స్ప్రింగులను గట్టిపరచే బదులు కొంచెం మందమైన యాంటీ రోల్ బార్ మేలు. చివరగా వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

భారం, దారి

ఖరగ్‌పూర్‌ను శ్రీకాకుళం, విశాఖపట్నాలతో కలిపే 16వ నంబరు జాతీయ రహదారిపై పండుగలకు స్వస్థలాలకు వెళ్లే కుటుంబాలు ఐదుగురితో, నిండిన డిక్కీతో బయలుదేరుతాయి. కనుక కారు ఎత్తును ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే కాక ఆ భారంతోనూ పరీక్షించాలి. భారత రహదారుల కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లుగా ఉండేవి. వీధుల్లో ఈ కొలత పాటించనివి ఎన్నో కనిపిస్తాయి. కారును దించేవారు ఈ వాస్తవాన్ని మరువరాదు.

చట్టం మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పులకు ఆరు నెలల వరకు జైలు, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సొంత కారు రిజిస్ట్రేషన్‌ను 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. కనుక అసలు కొలతలకు భిన్నమైన భాగాలు కొనే ముందే రవాణా కార్యాలయం నుంచి రాతపూర్వక వివరణ పొందడం శ్రేయస్కరం.

వీధిలో నడిచే పాత కారుకు ఉత్తమమైన మెరుగుదల తరచూ కొత్త భాగం కాదు, అరిగిన భాగాన్ని సరైన కొలతకు తిరిగి తేవడమే. నాలుగు చక్రాలూ నేలను వదలకపోతే చాలు, కారు తన పాత వేగాన్ని భద్రంగా అందుకుంటుంది.