శ్రీపెరుంబుదూరు ఫోన్లు, స్వతంత్ర ఆపరేటింగ్ సిస్టమ్‌లు

తిరువళ్లూరుకు దక్షిణాన ఉన్న శ్రీపెరుంబుదూరులో నోకియా 2006లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. ఫోన్లు ఇక్కడ తయారైనా, వాటిలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడవాలో ఫిన్లాండ్‌లో నిర్ణయమయ్యేది. 2011 ఫిబ్రవరిలో నోకియా తన పాత సిస్టమ్ సింబియన్‌ను పక్కనపెట్టి విండోస్ ఫోన్ వైపు మళ్లింది. 2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్‌కు అమ్ముడుపోయింది. పన్ను వివాదంలో చిక్కుకున్న శ్రీపెరుంబుదూరు కర్మాగారం ఆ బేరంలో చేరలేదు. అదే ఏడాది నవంబర్ 1న మూతపడింది. ఆ నిర్ణయాల్లో ఏ పాత్రా లేని కార్మికులు వేలమంది ఉపాధి పోగొట్టుకున్నారు.

అప్పటికే మార్కెట్టు ఆండ్రాయిడ్‌ది. 2008లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచారు. అయితే మ్యాప్స్, ప్లే స్టోర్, వాటి వెనక నిరంతరం పనిచేసే ప్లే సర్వీసెస్ ఆ కోడ్‌లో లేవు; అవి గూగుల్ సొంతం. వాడకందారు సమాచారం గూగుల్‌కు ప్రధానంగా వెళ్లేది ఆ దారినే. అందుకే తెరిచిన కోడ్ తీసుకుని, మూసిన భాగాన్ని వదిలేసే ప్రయత్నాలు పుట్టాయి. 2009లో వచ్చిన సయనోజెన్‌మాడ్ వాటిలో ప్రసిద్ధమైనది. దాని వెనకున్న కంపెనీ భారత్‌లో ప్రత్యేక హక్కులను మైక్రోమ్యాక్స్‌కు ఇవ్వడంతో, 2014 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు అదే సిస్టమ్‌తో వచ్చిన వన్‌ప్లస్ ఫోన్ల అమ్మకాలను కొద్దిరోజులు నిలిపింది. స్వేచ్ఛ కోసం పుట్టిన కోడ్ గుత్తహక్కుల వ్యాజ్యంలో పడటం విచారకరం. 2016 చివర ఆ కంపెనీ ప్రాజెక్టును ఆపేస్తే, స్వచ్ఛంద ప్రోగ్రామర్లు లినియేజ్ ఓఎస్ పేరుతో కొనసాగించారు. తర్వాత మాండ్రేక్ లినక్స్ సృష్టికర్త గేల్ దువాల్, గూగుల్ సేవల స్థానంలో, వాటి పని చేసే తెరిచిన కోడ్ మైక్రోజీని పెట్టి ‘ఈ’ ఓఎస్ తెచ్చాడు. గ్రాఫీన్ ఓఎస్ గూగుల్ పిక్సెల్ ఫోన్లనే ఎంచుకుంది. కొత్త సిస్టమ్ వేశాక, ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను ఎక్కించే బూట్‌లోడర్‌కు మళ్లీ తాళం వేయడానికి అవి వీలిస్తాయి.

నోకియా కర్మాగారం మూతపడ్డ అదే శ్రీపెరుంబుదూరు దగ్గర 2019లో ఫాక్స్‌కాన్ ఐఫోన్ల తయారీ చేపట్టింది. వాటిలో యాపిల్ సిస్టమ్ తప్ప మరొకటి వేసుకునే వీలు లేదు.

ఆండ్రాయిడ్ విషయానికొస్తే, 2022 అక్టోబర్ 20న భారత కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌పై ₹1,337.76 కోట్ల జరిమానా విధించింది. ఫోన్ కంపెనీలు ఆండ్రాయిడ్‌కు ప్రత్యామ్నాయ రూపాలు వాడకుండా కట్టడి చేసిన ఒప్పందాలను తప్పుబట్టింది. మద్రాసు ఐఐటీ అండతో మొదలైన జాండ్‌కాప్స్ సంస్థ 2023 జనవరిలో భారోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రకటించింది. దీని పునాది కూడా ఆండ్రాయిడ్ తెరిచిన కోడే. ముందే ఎక్కించిన యాప్‌లు ఇందులో ఉండవు. గోప్యత తప్పనిసరైన సంస్థలకే మొదట ఉద్దేశించారు.

సామాన్యుడు ఇలాంటి సిస్టమ్‌కు మారాలంటే బూట్‌లోడర్ తాళం తీసి, ఫోన్‌లోని డేటా అంతా చెరిపి, కొత్త సిస్టమ్ (రోమ్) ఎక్కించాలి. వీలున్న ఫోన్లలో ఆ పని ఒక పూటలో అయిపోతుంది. కష్టం తర్వాత మొదలవుతుంది: ఫోన్‌కు గూగుల్ ధ్రువీకరణ ఉందో లేదో చూసే కొన్ని బ్యాంకు, చెల్లింపు యాప్‌లు ఇలాంటి ఫోన్లలో తెరుచుకోవు.