దుక్కి పందెములు – తీర్పరుల చిక్కులు

దున్నుటలో పందెము వేసికొనుట మిక్కిలి ప్రాచీనము. గ్రీకు మహాకవి హోమరు రచించిన ఒడిస్సీ కావ్యమున పదునెనిమిదవ సర్గలో ఒక ఘట్టము కలదు. బిచ్చగాని వేషముననున్న ఒడిస్యూసు, తన్ను ఎగతాళి చేసిన యూరిమాకసును చూచి, మంచి ఎడ్లను కట్టి నాతో దున్నుటకు రమ్మని, ఎవని చాలు తెగక సూటిగా సాగునో చూతమని సవాలు చేయును. ఆ ఒడిస్యూసే పూర్వము నాగలి పట్టి మోసము చేయబోయి చిక్కినవాడని మరియొక గాథ. ట్రాయి యుద్ధమునకు పోవుట తప్పించుకొనుటకై పిచ్చివానివలె నటించుచు, జత కుదరని జంతువులను ఒకే కాడికి కట్టి దున్ని, చాళ్ళలో ఉప్పు చల్లెనట. పలమీడీసు అనునతడు ఒడిస్యూసు పసిబిడ్డను తెచ్చి నాగలికి ఎదురుగా పరుండబెట్టగా, నాగలి ప్రక్కకు తొలగినది. నటన బయటపడినది. ఇంతకంటె సూటియైన పరీక్షను నేను మరి యే గ్రంథమునను చదువలేదు.

నియమములతో కూడిన పందెములు బ్రిటను దేశమున 18వ శతాబ్ది చివరి భాగమున వ్యాపించినవి. స్కాట్లండులోని బెర్విక్‌షైరు వాసి జేమ్సు స్మాలు 1760వ దశకమున తేలికయైన నాగలి నొకదానిని రూపొందించెను. పాత బరువు నాగలికి అనేక పశువులును, తోలుటకు వేరొక మనిషియు కావలసియుండగా, దీనికి రెండు గుఱ్ఱములు, ఒక మనిషి చాలును. ఇట్టి క్రొత్త పనిముట్లను, మంచి పనితనమును రైతులకు కన్నులార చూపుటకు వ్యవసాయ సంఘములవారు పందెములు పెట్టిరి. 1784లో ఏర్పడిన హైలాండు సొసైటీ తరువాతి కాలమున పతకములిచ్చి వీనిని పోషించినది. నాగలి పట్టువాడు పెక్కుచోట్ల జీతమునకు కుదిరిన పాలేరే. గెలిచినవానికి మరుసటి ఏట కొలువు దొరకుట సులభము. అందుచేత తీర్పు తప్పినచో నష్టపోవునది వాని కూడు.

మన ప్రాంతమున బండలాగుడు పందెములు అందరు ఎరిగినవే. ఎడ్ల పళ్ళు చూచి తరగతి నిర్ణయింతురు. బండ ఎన్ని అడుగులు కదలినదో కొలుతురు. పళ్ళకడ వాదము పుట్టవచ్చును గాని, అడుగులకడ పుట్టదు. దుక్కికి అట్టి కొలత లేదు. మన నాటు నాగలి మన్నును చీల్చుకొని పోవును. వారి నాగలికి ఇనుప రెక్క యుండి, మన్నును పొరవలె కోసి తిరుగవేయును. మొదటి చాలు సూటిగా నున్నదా, పొరలన్నియు ఒకే ఎత్తున ఒరిగినవా, గడ్డియు మోళ్ళును పూర్తిగా మునిగినవా, కడపటి చాలు శుభ్రముగా ముగిసినదా అని చూచి మార్కులు వేయుదురు. అంతయు కంటి తీర్పు. కంటికి ఇంపుగా చేయుటకు దొంగదారులును పుట్టినవి. వంగి చేతితో గడ్డను సవరించుట, నడచుచు నడచుచు కాలితో పొరను అదుముట, పైకి కనిపించు మోడును పెరికివేయుట – ఇవన్నియు నిషేధములే.

పక్షపాతము వేరొక చిక్కు. తీర్పరి ఆ చుట్టుప్రక్కల రైతే. ఆతనికి ఎరుకలేని దుక్కిగాడుండునా? కావున చీట్లు వేసి మడులు పంచిరి. మడికి పేరునకు బదులు అంకె పెట్టిరి. పని ముగియువరకు తీర్పరులు పొలములోనికి రాకూడదనిరి.

ఈ నియమమునే హెన్రీ స్టీఫెన్సు అను స్కాట్లండు వ్యవసాయ పండితుడు తప్పుపట్టెను. 1844లో ముగిసిన ‘బుక్ ఆఫ్ ది ఫార్మ్’ అను గ్రంథమున ఆతడు చేసిన వాదము ఇది: పని ముగిసిన తరువాత వచ్చినవారికి కనిపించునది పైపొర మాత్రమే. కఱ్ఱును ఒక వాటమున అమర్చినచో పొర అంచు కోసుగా లేచి చూడముచ్చటగా నుండును. అడుగున మాత్రము దున్నని మన్ను గట్టువలె మిగిలిపోవును. అట్టి దుక్కికి బహుమతి ఇచ్చినచో, మంచి రైతును ఓడించి సొగసుగాని గెలిపించినట్లే. దున్నుచుండగనే తీర్పరులు దగ్గరనుండి, చాలు అడుగును చూడవలెనని ఆతని కోరిక.

నాకు స్టీఫెన్సు మాటయే సబబుగా తోచుచున్నది. గొలుసు పట్టి పొలములు కొలిచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఏటేట ఒక్క చాలు చొప్పున గట్టును లోపలికి దున్నుకొనువాని పొలము పైకి ఎంతయో తీర్చినట్లుండును. హద్దు రాయికడ త్రవ్వి చూచినగాని గుట్టు తెలియదు. అయినను, దున్నువాని మొగము తీర్పరికి కనిపింపరాదను మాటయు త్రోసివేయదగినది కాదు. ఒక దొంగతనమును అడ్డు నియమమే వేరొక దొంగతనమునకు దారి యిచ్చినది. చిక్కంతయు అక్కడనే యున్నది.

ఐర్లండులో వెక్స్‌ఫర్డు, కిల్డేరు జిల్లాలవారికి మా దుక్కిగాండ్రు గొప్పయన మా దుక్కిగాండ్రు గొప్పయని వాదము పెరుగగా, అది తేల్చుకొనుటకు 1931 ఫిబ్రవరిలో ఏథీ అను ఊరిలో పోటీ జరిపిరి. నేడు ఆ దేశమున ఏటేట జరుగు జాతీయ దుక్కి ఉత్సవమునకు అదియే పుట్టుక. 1952లో ప్రపంచ దుక్కి సంస్థ ఏర్పడినది. మరుసటి ఏడు కెనడాలోని కోబర్గులో తొలి ప్రపంచ పోటీ జరిగినది. అచట నాగళ్ళు ట్రాక్టర్లకు కట్టినవి. మొదటి చాలునకు 20 నిమిషములు, మిగిలిన మడికి 2 గంటల 40 నిమిషములు గడువు. మించినచో మార్కులు పోవును. శిక్షకుడు గట్టుపై నిలిచి సైగ చేయరాదు. మడులు నేటికిని చీట్లమీదనే పంచుదురు. దుక్కి లోతును మాత్రము కంటికి వదలక కొలకఱ్ఱతో కొలుతురు. నిర్ణయించిన లోతునకు తగ్గినచో, పైపొర ఎంత సొగసుగా నున్నను మార్కులు కోసివేయుదురు.