మిరప కల్లాల వైపు దిగే పొద్దు

జూలై 3 దగ్గర పడిందంటే పత్రికలకు చిత్రకారుడు, రచయిత సంజీవ్‌దేవ్ గుర్తొస్తారు. 1914లో ఆ రోజున పుట్టారు. ఆయన ఉత్తరాల సంగతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు కనుక, ఈసారికి బొమ్మల గురించి, అందులోనూ సాయంత్రాల గురించి చెప్పుకుందాం.

గుంటూరు సీమలో సాయంత్రాలకు కొదవ లేదు. కొండవీడు, మంగళగిరి లాంటి నాలుగు కొండలు పక్కన పెడితే నేలంతా చదును. కింద నల్లరేగడిలో పత్తి, మిరప, పైన అంతులేని ఆకాశం. అయినా రెండువేల ఏళ్ళపాటు ఆ ఆకాశాన్ని బొమ్మ కట్టాలని ఎవరికీ తోచినట్టు లేదు. అమరావతి శిల్పులు పల్నాటి రాతి మీద ఏనుగుల్ని, రాజుల్ని, జనాన్ని కిక్కిరిసేలా చెక్కారు. ఆకాశానికి జానెడు చోటు మిగల్చలేదు. ఆ తరవాత రెడ్డిరాజులు, గోల్కొండ నవాబులు, ఫ్రెంచివాళ్ళు, కుంపిణీ... మన పని మీద వచ్చాం కనుక అందరినీ ఒక్క గుక్కలో దాటేయొచ్చు. 1816లో కుంపిణీ సర్వేయర్ కాలిన్ మెకంజీ చిత్రకారుల్ని వెంటబెట్టుకొచ్చి అమరావతి శిల్పాలను ఓపిగ్గా గీయించాడు. పొద్దుగూకగానే వాళ్ళు కాగితాలు చుట్టేసుకుని ఉంటారు.

ప్రకృతి చిత్రం మనకు గోదావరి ఒడ్డు నుంచి వచ్చింది. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళాడు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. కూల్డ్రే మరో శిష్యుడు అడివి బాపిరాజు మనసు సగం కుంచె మీద, సగం నవల మీద. కృష్ణకు ఇవతల మాత్రం కల్లాల్లో మిరపకాయలు ఎండుతూనే ఉన్నాయి, చూసి గీసే దిక్కు లేకుండా.

దుగ్గిరాల పక్కన తుమ్మపూడి. నిజానికి అది మిరప నేల కాదు. కాలవ కింద వరి, పసుపు పండే ఊరు. కానీ అక్కడ నిలబడి చూస్తే పొద్దు దిగేది గుంటూరు వైపు, మిరప కల్లాల వైపు. బడి చదువు పెద్దగా లేని సూర్యదేవర సంజీవ్‌దేవ్ ఆ ఊరి నుంచి వయసులో ఉండగానే హిమాలయాల దారి పట్టారు. కులూ లోయలోని నగ్గర్‌లో నికోలస్ రోరిక్ ఇంట కొన్నాళ్ళు అతిథిగా ఉన్నారు.

ఇక్కడ కాస్త ఆగాలి, రోరిక్ అంటే నాకు ఇష్టం. 1913లో పారిస్ ప్రేక్షకులను గగ్గోలెత్తించిన స్ట్రావిన్‌స్కీ బాలేకు తెరలూ దుస్తులూ రూపొందించిన రష్యన్ ఈయనే. మధ్య ఆసియా అంతా తిరిగి తిరిగి 1928లో నగ్గర్ చేరాడు. కింద బియాస్ నది, ఎదురుగా మంచు శిఖరాలు. కొండ మొత్తాన్ని ఒకే ఊదా ముక్కగా, ఆకాశాన్ని నారింజ పట్టీగా పరిచేసేవాడు.

అంతటి కొండలు చూసినవాళ్ళు చాలామంది అక్కడే ఉండిపోతారు. సంజీవ్‌దేవ్ తిరిగొచ్చి 1999లో పోయేదాకా తుమ్మపూడినే ఇల్లు చేసుకున్నారు. ఆయన ఆత్మకథ కూడా ఊరి పేరుతోనే పుస్తకంగా వచ్చింది. భావకవుల తరానికి తమ్ముడి వరస. అయినా విరహంతో కుమిలిపోయే బాపతు కాదు, ఆకాశాన్ని చూసి హాయిగా సంబరపడే మనిషి.

ఆయన చేతికి నచ్చిన సరంజామాల్లో పాస్టెల్ ఒకటి, అంటే రంగు సుద్ద. మన వైపు సూర్యుడు కుంకాక వెలుగు అరగంట కూడా నిలవదు. తైలవర్ణం ఆరేసరికి వారం పడుతుంది, నీటిరంగు తడి ఆరేదాకా ఆగమంటుంది. సుద్దకా బాధ లేదు. నారింజ మీద ఊదా గీకి, వేలికొనతో రుద్దితే రెండూ కలిసే చోట పొడి పొడిగా మూడో రంగు లేస్తుంది. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలి ప్రపంచమంతా సంధ్యలు ఎర్రబారినప్పుడు, లండన్‌లో విలియం ఆస్‌క్రాఫ్ట్ కూడా పాస్టెల్‌నే నమ్ముకుని ఐదొందలకు పైగా బొమ్మలు గీశాడు. అదే ఏడు సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు! మన పశ్చిమాన ఎరుపుకు అంత హంగామా అక్కర్లేదు. వాలిన ఎండ గాలిలో చాలా దూరం ప్రయాణించాలి, దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. మిరపకాయల రంగే మబ్బుకు అంటిందనే కవులను నమ్మకండి.

ఇప్పటి సంగతికి వస్తే గుంటూరు సీమ అంటే ఎంతవరకో లెక్క కుదరడం లేదు. గుంటూరు నుంచి కొంత 1970లోనే ఒంగోలు జిల్లాలోకి పోయింది, దానికే తరవాత ప్రకాశం పేరు పెట్టారు. 2022లో పల్నాడు, బాపట్ల విడివడ్డాయి. మిర్చి యార్డు గుంటూరులో, చాలామటుకు పొలాలు పల్నాడులో. మధ్యలో కోల్డ్ స్టోరేజీల గోడలు. ఇక ఆ బొమ్మల సంగతి. పాస్టెల్ బొమ్మకు అద్దం లేకపోతే పొడి రాలిపోతుంది, కోస్తా చెమ్మకు బూజూ పడుతుంది. సంజీవ్‌దేవ్ బొమ్మ ఇంట్లో ఉన్నవాళ్ళు ఈ వర్షాకాలంలో ఓసారి వెనక అట్ట తిప్పి చూసుకోవాలి. కొత్త బొమ్మలకేం, రోజూ సాయంత్రం రోడ్డు పక్క బండి ఆపి ఫోన్లో తీసేవాళ్ళు బోలెడు మంది. ఫోను అడక్కుండానే ఎరుపు పెంచేస్తుంది. ఆయనే ఉంటే అందులో ఎరుపు ఎక్కడ ఎక్కువైందో వివరంగా ఒక ఉత్తరం రాసేవారు.