హైదర్ వేసిన తోట

మాది మడకశిర వైపు. మాకు పట్నమంటే హైదరాబాదు కాదు, బెంగుళూరే. చిన్నప్పుడు మా మామూ నన్ను లాల్‌బాగ్ తీసుకెళ్ళి, "ఏ అప్నే హైదరలీ కా బాగ్ హై రే" అన్నాడు. బడిలో హైదరలీ అంటే యుద్ధాలూ సంధులూ. తోట వేశాడని ఏ సారూ చెప్పలేదు. ఆ హైదర్ 1782లో కన్నుమూసింది మన చిత్తూరు దగ్గర, నరసింగరాయనిపేట దండులోనే అనీ చెప్పలేదు.

1760లో హైదర్ ఈ తోట మొదలుపెట్టాడు. అప్పుడు 40 ఎకరాలు, ఇప్పుడు 240. నమూనా మా పొరుగున ఉన్న సిరాది. మొగలుల సుబాకు ముఖ్యపట్టణం సిరా. అక్కడి ఖాన్‌బాగ్‌ను చూసి దీన్ని వేయించాడంటారు. కొడుకు టిప్పు కాబూల్, పర్షియా, మారిషస్, తుర్కీల నుంచి విత్తనాలూ మొక్కలూ తెప్పించాడు. కత్తి పట్టిన చేయి మొక్క కూడా నాటిందంటే నమ్మడానికి మనవాళ్ళకు ఎందుకో కష్టం.

నవాబు హుకుం ఇస్తాడు సరే, పాదు తవ్వేదెవరు? తిగళులు. తరతరాలుగా తోటపని చేసే హిందువులు. వాళ్ళ కరగ ఊరేగింపు ఇవాళ్టికీ హజ్రత్ తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి గానీ ముందుకు పోదు. లాల్‌బాగ్ ఒక్క ముస్లిములదే అని నేననడం లేదు. ముస్లిములది కూడా అంటున్నాను.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక తోట తెల్లదొరల చేతికి పోయింది. 1856లో ప్రభుత్వ వృక్షతోట అయింది. 1889లో గాజుమేడకు పునాది పడింది. దొరల పేర్లు తోట చరిత్రలో చక్కగా నిలిచాయి. వాటికి ఎవరి అభ్యంతరమూ లేదు.

ఉద్యానవనాల రక్షణకు కర్ణాటకలో 1975 నుంచే చట్టముంది. మెట్రోరైలు కోసం 2008లో ఆ చట్టాన్నే ఆర్డినెన్సుతో సవరించారు. 2009లో లాల్‌బాగ్ ప్రహరీ కూల్చి చెట్లు నరికారు. హసిరు ఉసిరు (పచ్చని ఊపిరి) అనే పౌరుల బృందం వీధికెక్కింది. ఉద్యోగులు, విద్యార్థులు, పొద్దున్నే నడకకొచ్చే ముసలివాళ్ళు. వాళ్ళు ఓడిపోయారు. 2017లో లాల్‌బాగ్ స్టేషన్ తెరిచారు. నేనూ ఆ రైలెక్కాను, కాదనను.

2025లో మళ్ళీ గండం. హెబ్బాళ నుంచి సిల్క్‌బోర్డు దాకా తవ్వదలచిన సొరంగ రోడ్డుకు లాల్‌బాగ్‌లోంచి దారి తెరవాలన్నారు. మళ్ళీ జనం కదిలారు. తోటకు హాని చేయబోమని ప్రభుత్వం చెప్పుకోవలసి వచ్చింది. టిప్పు జయంతిని 2019లో రద్దు చేసిన పార్టీవాళ్ళు కూడా తోటను కాపాడాలంటూ నిరసనకు దిగారు. రానీ, చెట్టు కింద నిలబడే హక్కు అందరికీ ఉంది. కానీ టిప్పును తిట్టిన నోటితోనే టిప్పు తోట మాది అనడం ఎలా కుదిరిందో నాకు అంతుబట్టలేదు.

నేనూ ఒక ఉదయం పోయాను. నేను చూసిన అట్టల మీద 300 కోట్ల ఏళ్ళ గుట్ట గురించి రాసుంది, చెట్ల గురించి రాసుంది. హైదర్ పేరు కనబడలేదు. నిష్ఠూరం వాళ్ళమీదే వేసి ఊరుకోలేను. ఆ గుంపులో మనవాళ్ళను వెతికాను. వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. హైదర్ మనవాడని ఇంట్లో చెప్పుకుంటాం, హైదర్ తోటను నరుకుతుంటే అది ఇంగ్లీషు చదివినోళ్ళ గొడవ అనుకుంటాం.

టిప్పు కాలం నాటిదని జనం చూపించే మామిడిచెట్టు ఒకటుంది అక్కడ. దాని దగ్గర బురఖా వేసుకున్న ఒక పెద్దమ్మ మనవళ్ళకు టిఫిన్ పెడుతోంది. సంతకాల కాగితం పట్టుకున్న కుర్రాడు అటు వెళ్ళడానికి తటపటాయిస్తున్నాడు. నేనే తీసుకెళ్ళి, "ఖాలా, బాగ్ బచానే కే లియే" అన్నాను. ఆమె చేయి తుడుచుకుంది. "ఉర్దూలో పెడితే చెల్లుతుందా బేటా?" అంది. కుర్రాడు నావైపు చూశాడు. చెల్లుతుందన్నాను. కాగితానికి కుడిపక్క నుంచి మొదలుపెట్టి, తీరిగ్గా, పేరంతా రాసింది.