కంప్యూటరునఁ దెలుఁగు నిలిపిన ఒంటరి పనివారు



మా గోదావరిఖనిలో గని దిగిన సర్దారు ముందుగాఁ జేయు పని యొకటి కలదు. చేతికఱ్ఱతోఁ బైకప్పును దట్టి, ఆ శబ్దమును వినును. గట్టి బండ ఖంగున మ్రోగును. లోపల విడిన బండ డొల్లగాఁ బలుకును. ఆ పలుకును లెక్కచేయనివాఁడు తనవారి ప్రాణములకు ముప్పు తెచ్చును. నేఁటి నా ప్రసంగము బొగ్గును గూర్చినది కాదు. కంప్యూటరుపైఁ దెలుఁగు వ్రాయుటకుఁ బనిముట్లు చేసిన కొందఱు ఒంటరి పనివారిని గూర్చినది. అయినను ఈ కఱ్ఱ మనకు మరలఁ బనికివచ్చును.

అక్షరములు వ్రాయు సాధనము మాఱినప్పుడెల్ల ఎవరో యొకరు కూర్చుండి మన లిపిని మరలఁ గుదుర్పవలసి వచ్చినది. 1814లో విలియం కేరీ రచించిన తెలుఁగు వ్యాకరణము శ్రీరామపురమున లోహపు టక్షరములతో అచ్చయ్యెను. కంప్యూటరు కాలమునను అట్లే జరిగినది. 1990ల యారంభమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునఁ గన్నెగంటి రామారావు, ఆనంద కిశోరు గార్లు తెలుఁగును రోమను లిపిలో వ్రాయుట కొక కట్టుబాటు నేర్పఱచిరి. దానికే ఆర్‌టీఎస్ అని పేరు. నేఁటికిని లేఖిని యందు ఆ పద్ధతియే నడచుచున్నది. 1998లో శేషాద్రివాసు చంద్రశేఖరన్ గారు కన్నడమునకై 'బరహ' యను కార్యక్రమమును వ్రాసి వెలువరించిరి. అది పిదపఁ దెలుఁగునకును ఉపకరించినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన యను ఖతులను రూపొందించిరి. వెన్న నాగార్జున గారు పాత ఖతులలోని పాఠమును యూనికోడులోనికి మార్చు 'పద్మ'ను జేసిరి. వీరి వెనుక మహాకార్యాలయములు లేవు. ఉన్నది తీఱికవేళయు, పట్టుదలయు మాత్రమే.

పాత ఖతు లనఁగా నేమి? గుణింతములను, వత్తులను ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో ఎవరికిఁ దోఁచినట్లు వారు అమర్చికొన్నవి. కావున ఒక ఖతిలోఁ గూర్చిన పాఠము ఆ ఖతి లేని యంత్రమున అర్థము కాని గుఱుతుల కుప్పయగును. 1991లో యూనికోడు మన లిపికి 128 స్థానములను గేటాయించినది. కాని అది సామాన్యుని యంత్రములోనికి వచ్చుటకు, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతితో వెలువడువఱకు వేచియుండవలసి వచ్చెను.

ఈ చిక్కు నా యింటికే వచ్చినది. 1999లో, గనిలోఁ దట్ట చెమ్మస్సులతో బొగ్గు నెత్తిన వృద్ధులయొద్ద నూట నలువది పాటలు విని, నోటుపుస్తకమున వ్రాసికొని, ఒక డీటీపీ దుకాణమునఁ గూర్పించితిని. తరువాత వ్రాఁతప్రతి వానకుఁ దడిసి నశించినది. దుకాణము మూఁతపడినది. పదేండ్లకు ఆ సీడీని వేఱొక యంత్రమునఁ దెఱవఁగా డాలరు గుఱుతులును, ఇంగ్లీషు అక్షరములును గనఁబడినవి. పాడినవారిలో అప్పటి కొక్కరును జీవించి లేరు.

నా పూర్వశిష్యుఁ డొకఁడు, గనికార్మికుని కుమారుఁడు, ఇంటనే కూర్చుండి చిన్న చిన్న కార్యక్రమములు వ్రాసి అమ్ముకొని జీవించువాఁడు. అతఁడు నా పాటలకై మార్పిడి పనిముట్టును మూఁడు వారములలో సిద్ధపఱచెను. నేను మెచ్చుకొనఁబోఁగా, "సార్, ముందుగాల తప్పులు దేవులాడుండ్రి, మెచ్చుకునుడు తర్వాత" అనెను. నాలుగవ పుటలోనే 'స్త్రీ' యనుచోట వత్తులు తాఱుమాఱై యుండెను. దానిని దిద్దఁగా 'రాష్ట్రము' చెడినది. అప్పుడు నేను వర్ణక్రమము ననుసరించి మూఁడువందల సంయుక్తాక్షరపు మాటలను వ్రాసి యిచ్చితిని. కార్యక్రమమున ఒక్క పంక్తి మార్చినను ఆ మూఁడువందల మాటలను మరలఁ బరీక్షించుట నాఁటినుండి అతనికి నియమమైనది. సర్దారు కఱ్ఱయు నిదియే. నిన్న తట్టితిమి గదా యని నేఁడు మానరాదు.

అతనివలన నేను నేర్చినవి మఱికొన్ని కలవు. మార్చిన ప్రతిని ఎన్నఁడును మూలముపై వ్రాయరాదు. మూలము ప్రత్యేకముగా నుండవలెను. పనిచేయలేదని ఒకరు చెప్పినప్పుడు వాదింపక, చెడిన ఆ పాఠమునే తెప్పించుకొని చూడవలెను. శ్రమకు వెల యడుగుటకు సిగ్గుపడరాదు. బరహ చాలకాలము ఉచితముగా నుండి, పిదప వెలకు వచ్చినది. అందుఁ దప్పు లేదు. వత్తిని దినదినము ఎగఁద్రోయువాఁడు లేనిచో దీపము నిలువదు.

అన్నింటికంటెఁ బెద్ద యాపద వేఱు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వెలువడినప్పుడు పాత పద్ధతి పొడిగింపులన్నియు ఒక్కసారిగా నిలిచిపోయినవి; వానిని గ్రొత్తగా వ్రాసినఁగాని నడువవు. పనిముట్టు చెడకున్నను దాని క్రింది నేల కదలినది. ఒక్కఁడు చేసిన పని ఒక్కనితోనే ముగియు ననుటకు మన కిదియే హెచ్చరిక.

ఇది యెఱిఁగి నా శిష్యుఁడు, ఏ గుఱుతు ఏ యక్షరమునకు చెల్లునో తెలుపు పట్టికను కాగితముపై అచ్చొత్తించి నాకిచ్చెను. గనిలోఁ బాళి ముగిసిన సర్దారు తాను జూచినదానిని పుస్తకమున వ్రాసి, తరువాతివానికి అప్పగించి పైకి వచ్చును. ఆ పట్టిక అట్టిదే. నూట నలువది పాటలలో నూట ముప్పదియేడు దక్కినవి. సీడీ గీఁకుడుపడినచోట నుండిన మూఁడు పాటలు దక్కలేదు.