హనుమకొండ

హనుమకొండ తెలంగాణలో వరంగల్‌కు ఆనుకుని, రాతి గుట్టల నడుమ వెలసిన ప్రాచీన నగరం; కాకతీయుల తొలి రాజధాని. కల్యాణి చాళుక్యుల సామంతులుగా వారు ఇక్కడినుంచే పాలించారు. పద్మాక్షి గుట్టపై 1117 నాటి శాసనం కాకతీయ రాజు రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కట్టించిన జైన బసదిని పేర్కొంటుంది. అదే నేడు పద్మాక్షి ఆలయం. ఆలయ గుహ గోడలపై జైన శిల్పాలు నిలిచే ఉన్నాయి. కాకతీయ రుద్రదేవుడు 1163లో శివ, విష్ణు, సూర్యులకు త్రికూటాలయంగా వేయిస్తంభాల గుడి నిర్మించాడు. చాళుక్య ఆధిపత్యం నుంచి అతని స్వాతంత్ర్యానికి అక్కడి శాసనమే ప్రధాన ఆధారం. గణపతిదేవుని కాలంలో రాజధాని ఓరుగల్లు (వరంగల్) కోటకు మారింది. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును జయించి సుల్తాన్‌పూర్‌గా పేరు మార్చాయి. ముసునూరి కాపయ నాయకుడు దాన్ని తిరిగి సాధించాడు. తర్వాత బహమనీ, కుతుబ్‌షాహీ, అసఫ్‌జాహీ పాలనలు సాగాయి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ పేరు పెట్టారు.