మన ప్రాంతమున ఆగస్టు పదునైదు

స్వాతంత్ర్య దినోత్సవ మనగానే ఆబాలగోపాలమునకు స్ఫురించు తేదీ 1947 ఆగస్టు 15. ఇబ్రహీంపట్నపు బడిపిల్లలు ఆనాడు వేకువనే తలంటుకొని, ఉతికిన దుస్తులు ధరించి, కాగితపు జెండాలతో ప్రభాతభేరి వెడలుదురు. కంబము ముందర ముగ్గు, పతాకపు మడతలలో బంతిపూరేకులు, వందనానంతరము మిఠాయి పంపకము ఎల్లరికిని పరిచితములే. కాని ఆ బాలుర తాతముత్తాతలకు 1947లో ఈ వేడుక లేదు. ఆనాడు నిజాము రాజ్యమున మువ్వన్నెల జెండా నెత్తుటయే నేరము.

ఆంగ్లేయుల అధికారము తొలగిన పిదప హైదరాబాదు స్వతంత్ర రాజ్యమగునని ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1947 జూన్ మాసమున ఫర్మానా వెలువరించెను. స్టేట్ కాంగ్రెసు దీని నంగీకరింపలేదు. 1938లో పుట్టుచునే నిషేధమునకు గురియై, 1946లో గాని ఊపిరి పీల్చుకొనని సంస్థ యది. భారత యూనియనులో చేరవలెనని కోరుచు ఆగస్టు 7వ తేదీని దినముగా జరిపెను. దాని అధ్యక్షుడు స్వామి రామానంద తీర్థ ఆగస్టు 15 నాడే నిర్బంధింపబడెను. దేశమంతట దీపములు వెలుగుచుండగా నిచ్చటి నాయకులు కారాగారమున నుండిరి. (ఢిల్లీ ఎర్రకోటపై నెహ్రూ పతాకము నెత్తినదియు 15న కాదు, మరునాడు 16న. ఈ సంగతి చదువుకొన్నవారిలోను చాలమంది యెరుగరు.)

నవంబరు 29న యథాతథపు ఒడంబడిక కుదిరెను గాని శాంతి కలుగలేదు. రజాకార్ల దౌర్జన్యము పెచ్చుపెరిగెను. 1948 ఆగస్టు 15 కూడ మూగగనే గడచెను. వారము తిరుగునంతలో, యూనియనులో చేరుటయే మేలని వ్రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ నగరమున హత్యకు గురియయ్యెను. ఆ పోరాటమును రెండు మతముల కలహముగా చెప్పువారు ఈ ఒక్క పేరును జ్ఞప్తి యుంచుకొన్న చాలును. ఆ నెల 27న బైరాన్‌పల్లి రక్తసిక్తమయ్యెను.

సెప్టెంబరు 13న యూనియన్ సైన్యములు ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. ఆ దినమునకు విమోచనమని కొందరు, విలీనమని కొందరు పేరిడుదురు. సైనిక చర్య పిదప పశ్చిమ జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములు పెక్కురు హతులగుటయు ఈ భేదమునకు ఒక కారణము. 2022లో రాష్ట్ర ప్రభుత్వము సమైక్యతా దినముగను, కేంద్రము విమోచన దినముగను, ఒకే నగరమున వేర్వేరు మైదానముల జరిపినవి.

పేర్ల వివాద మటుండ, ఈ పల్లెలకు జెండాతో గూడిన తొలి ఆగస్టు 15 వచ్చినది 1949లో. ఆనాడు జరిగిన మరియొక కార్యమును నేడు తలచువారు అరుదు. హైదరాబాదు జాగీర్ల రద్దు నిబంధన అమలులోనికి వచ్చిన దినమది. నిజాము రాజ్యమున భూమి మూడు విధములు: సర్కారు ఖజానాకు శిస్తు చెల్లు దివానీ, నిజాము సొంత ఖర్చులకై కేటాయించిన సర్ఫేఖాస్, ప్రభువుల కిచ్చిన జాగీర్లు. జాగీర్లు ఇంచుమించు మూడవ వంతు. సర్ఫేఖాస్ పదవ వంతు, అందును నగరమును చుట్టియున్న అత్రాఫ్ బల్దా ముఖ్యము. జాగీరు గ్రామపు రైతు చెల్లించిన పైకము సర్కారును చేరదు. పెద్ద జాగీర్లలో వసూలు చేయువాడు, తగవు తీర్చువాడు, శిక్షించువాడు జాగీర్దారు మనిషియే. మొర పెట్టుకొనుటకు వేరొక గడప యేది? 1949 ఫిబ్రవరిలో సర్ఫేఖాస్, ఆగస్టు 15న జాగీర్లు సర్కారు పరమాయెను. మరుసటి యేడు కౌలుదారీ చట్టము వచ్చెను. నిబంధనపై వేసిన సంవత్సరము ఫసలీ 1358. రైతుకు పండుగ క్రీస్తు శకపు లెక్క, శిస్తు ఫసలీ లెక్క. అందుచే దస్త్రము దిరుగవేయువారికి గాని ఈ రెండును ఒకే నాటివని తోచదు. ఈ గ్రంథాలయమున చరిత్ర చదువు యువకులు ఆ పాత కాగితములను గూడ ఒకమారు చూడదగును.

మరల 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లానుండి గ్రామీణ తాలూకాలు వేరుపడి, స్వాతంత్ర్య యోధుడు కొండా వెంకట రంగారెడ్డి పేర కొత్త జిల్లా ఏర్పడెను. ఇబ్రహీంపట్నము అందులోనిది.

పతాక మెత్తుటలో నొక భేదము కలదు. ఆగస్టు 15న జెండాను కంబము క్రిందనుండి త్రాటితో పైకి లాగి విప్పుదురు. జనవరి 26న మీదనే కట్టియుంచి విప్పుదురు. మొదటి దానియందు కొత్త జెండా పైకెక్కుట ప్రధానము.

2014లో తెలంగాణ ఏర్పడినప్పటినుండి రాష్ట్రపు ఆగస్టు 15 ఉత్సవము గోలకొండ కోటలో జరుగుచున్నది. ఆ కోటను రాతిగోడలతో దృఢపరచిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలముననే ఇబ్రహీంపట్నపు పెద్దచెరువు కట్టబడినది.